పందిరి నుండి ధ్వనిపేటిక వరకు: బిలాస్‌పూర్ రైలు పట్టణంలో బహిరంగ సంగీతం

అర్పా నది ఒడ్డున వెలసిన బిలాస్‌పూర్ నగరానికి రెండు స్వరూపాలున్నాయి. ఒకటి బజార్లు, దేవాలయాలు, పాత పేటలతో కూడిన పాత ఊరు. రెండవది స్టేషనును ఆనుకొని, వరుస క్వార్టర్లతో, నీడనిచ్చే చెట్లతో, ఇన్‌స్టిట్యూట్ మైదానాలతో విస్తరించిన రైల్వే ప్రాంతం. ఈ రెండవ బిలాస్‌పూర్‌లో సంగీతం వినడమంటే చాలాకాలంగా ఆరుబయట వినడమే. వేసవిలో సోలాపురి మాత పూజ, భాద్రపదంలో వినాయక చవితి, శరత్కాలంలో దుర్గా పూజ, కార్తికంలో రౌత్ నాచా ఈ ప్రాంత ప్రజలకు సుపరిచితాలు. పందిరి మారినా, దేవత మారినా, శ్రోత కూర్చునే చోటు మాత్రం ఆకాశం కిందనే ఉన్నది.

అయితే ఆ శ్రోత చెవికి చేరే ధ్వని మాత్రం గుర్తు పట్టలేనంతగా మారిపోయింది. కంఠం మైకును ఆశ్రయించింది. మైకు కీబోర్డుకు తోడైంది. కీబోర్డు చివరకు వాహనంపై అమర్చిన ధ్వనిపేటికల గోడకు లోబడింది. ఈ పరిణామంలో జపాన్ దేశానికి గల పాత్ర సామాన్యంగా గుర్తింపునకు రాలేదు. అంతకంటె ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉన్నది. ఆరుబయట మోగే సంగీతాన్ని వినడానికి వచ్చినవాని హక్కు ఎంతవరకు? వినడానికి రాక, ఆ పక్క ఇంటిలోనే నిద్రించదలచినవాని హక్కు ఎంతవరకు? రేయింబవళ్ళు రైళ్ళు నడిపే పట్టణంలో ఈ ప్రశ్న కేవలం మర్యాదకు సంబంధించినది కాదు.

రైలు వెంట వచ్చిన తెలుగు

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. అంతకు ముందే నాగపూర్ నుండి రాజ్‌నంద్‌గావ్ వరకు ఉన్న మీటరు గేజి మార్గాన్ని ఆ కంపెనీ స్వీకరించి, వెడల్పు చేసి, బిలాస్‌పూర్ మీదుగా తూర్పునకు పొడిగించింది. 1891లో నాగపూర్ నుండి ఆసన్‌సోల్ వరకు మార్గం పూర్తయింది. బిలాస్‌పూర్ ఒక ప్రధాన కూడలిగా రూపొందింది.

తెలుగువారి రాకకు దారి తీసిన పరిణామం 1902లో జరిగింది. తూర్పు కోస్తా మార్గంలో కటక్ వరకు గల ఉత్తర భాగం ఆ సంవత్సరం ఇదే కంపెనీ అధీనంలోకి వచ్చింది. వాల్తేరు, విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాలు, మధ్య భారతంలోని బిలాస్‌పూర్, బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ ఒకే యాజమాన్యం కిందకు చేరాయి. 1931లో రాయపూర్–విజయనగరం మార్గం పూర్తి కావడంతో ఉత్తరాంధ్రకు, ఛత్తీస్‌గఢ్‌కు మధ్య సూటి దారి ఏర్పడింది. కళాసీలుగా, ఫైర్‌మన్‌లుగా, ఫిట్టర్లుగా, గ్యాంగు కూలీలుగా, గుమాస్తాలుగా తెలుగువారు ఈ మార్గాల వెంట స్థిరపడ్డారు. 1920ల చివర ఈ రైల్వేలో జరిగిన కార్మిక పోరాటాలకు నాయకత్వం వహించిన వరాహగిరి వేంకటగిరి కూడా తెలుగు కుటుంబానికి చెందినవారే. తరువాతి కాలంలో ఆయన రాష్ట్రపతి పదవిని అలంకరించారు.

కంపెనీ రైల్వే 1944లో ప్రభుత్వపరమైంది. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడింది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం అవతరించి, ఉన్నత న్యాయస్థానం బిలాస్‌పూర్‌లో నెలకొన్నది. 2003 ఏప్రిల్ నుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు ఈ నగరమే ప్రధాన కార్యాలయ స్థానమైంది. పాలనలు ఇన్ని మారినా, రైల్వే కాలనీ వీధిలో తెలుగు వినబడడం ఆగలేదు. మూడు నాలుగు తరాలుగా ఇంట తెలుగు, వీధిలో హిందీ, సంతలో ఛత్తీస్‌గఢీ మాట్లాడే కుటుంబాలు ఇక్కడ సామాన్యం.

కంఠం చేరినంత దూరం

ఈ కుటుంబాల పూర్వికులు వెంట తెచ్చుకొన్న సంగీత సంస్కారం బహిరంగమైనది. ఉత్తరాంధ్ర పల్లెలలో తప్పెటగుళ్ళు, జముకుల కథ, బుర్రకథ, హరికథ ఇవన్నీ రాత్రివేళ, ఆరుబయట, ఊరందరి నడుమ సాగే కళలు. హరికథా పితామహునిగా ప్రసిద్ధి చెందిన ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) విజయనగర సంగీత కళాశాలకు ప్రథమాధ్యక్షులు. ఆ ప్రాంతం నుండి వలస వచ్చిన కార్మికునికి పాట అంటే చాప వేసుకొని కూర్చుని, తెల్లవారే వరకు వినవలసినదే.

విద్యుత్తు సహాయం లేని ఆ కాలంలో సభ విస్తృతిని కళాకారుని గొంతే నిర్ణయించేది. వెనుక వరుసకు మాట వినబడకపోతే జనం ముందుకు జరిగేవారు. ఇక జరగడానికి వీలు లేనప్పుడు సభ నిండినట్లే. వినదలచినవాడు దగ్గరకు రావలసి ఉండేది. వినదలచనివాడు నాలుగు ఇళ్ళు దాటితే చాలు. శ్రోతకు, ఇరుగుపొరుగుకు నడుమ సరిహద్దును ఎవరూ శాసించలేదు. దానిని మనిషి ఊపిరి శక్తే గీసింది.

ఛత్తీస్‌గఢ్ నేలకు కూడా ఇటువంటి సంప్రదాయమే ఉన్నది. కార్తిక శుక్ల ఏకాదశి తరువాత యాదవ వర్గానికి చెందిన రౌత్‌లు రంగుల దుస్తులు ధరించి, కర్రలు చేతబట్టి, గుంపులుగా నర్తిస్తారు. గడ్వా బాజా అనే వాద్యబృందం వారి వెంట నడుస్తుంది. గుదుం, డఫ్డా, తాసా వంటి తోలు వాద్యాలకు మోహరి అనే ఊదు వాద్యం తోడవుతుంది. నర్తకుడు దోహా చదవడానికి చేయి ఎత్తగానే వాద్యాలు ఒక్కసారిగా ఆగుతాయి. దోహా ముగియగానే తిరిగి విజృంభిస్తాయి. 1978 నుండి బిలాస్‌పూర్‌లో ఈ నృత్యం మహోత్సవ రూపం దాల్చి, చుట్టుపక్కల గ్రామాల బృందాలను ఒకే మైదానానికి రప్పిస్తున్నది. ఎంత పెద్ద శబ్దమైనా మాటకు చోటివ్వడానికి ఆగుతుందన్నది ఈ కళ మూలసూత్రం.

నాగోయా నుండి నాగపూర్‌కు

విద్యుద్వాద్యాల కథలో జపాన్ ప్రవేశం చాలామంది ఊహించేదానికంటె ప్రాచీనమైనది. 1912లో నాగోయా నగరానికి చెందిన మోరితా గోరో తైషోగోతో అనే వాద్యాన్ని రూపొందించాడు. పొడవాటి పెట్టెపై తంతులు బిగించి, టైపురైటరు వంటి మీటలు నొక్కి వాయించే ఈ వాద్యం చౌకైనది, నేర్చుకొనడానికి సులభమైనది. సముద్రాలు దాటి భారతదేశానికి వచ్చిన ఈ వాద్యమే బుల్‌బుల్ తరంగ్ అయింది. జనం నోట అది బెంజోగా మారింది. దానికి విద్యుత్తు జోడించి, లౌడుస్పీకరుకు కలిపిన తరువాత మధ్య భారతంలోని పెళ్ళి ఊరేగింపులకు, పండుగ ఊరేగింపులకు అది ప్రధాన స్వరమైంది. నాగపూర్, ఛత్తీస్‌గఢ్ ప్రాంతాలలో ధుమాల్ అని పిలిచే ఊరేగింపు సంగీతం ఈ వాతావరణంలో వర్ధిల్లినదే.

రెండవ తరంగం 1980 ప్రాంతంలో వచ్చింది. 1972లో ఒసాకాలో కాకెహాషి ఇకుతారో స్థాపించిన రోలండ్ సంస్థ 1980లో టీఆర్-808 అనే తాళయంత్రాన్ని విడుదల చేసింది. అదే సంవత్సరం కాసియో సంస్థ తన తొలి కీబోర్డును మార్కెట్టులోకి తెచ్చింది. 1983లో వేరువేరు సంస్థల వాద్యాలు పరస్పరం సంకేతాలు అందించుకొనే మిడి పద్ధతి అమలులోకి వచ్చింది. 1985లో రోలండ్ సంస్థ ఆక్టాప్యాడ్‌ను ప్రవేశపెట్టింది. ఎనిమిది పలకలు గల ఆ వాద్యాన్ని కర్రలతో కొడితే తబలా నుండి డ్రమ్ము వరకు ఏ ధ్వనినైనా పలికించవచ్చును.

ఈ యంత్రాలను భారతీయులు ఎంత త్వరగా స్వంతం చేసుకొన్నారో తెలుసుకొనడానికి ఒక ఉదాహరణ చాలు. బొంబాయి సినీ వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లో రోలండ్ వాద్యాలపై పది హిందుస్తానీ రాగాలను డిస్కో తాళంలో వాయించి ఒక రికార్డు వెలువరించాడు. ఆనాడు దానిని పట్టించుకొన్నవారు తక్కువ. 2010లో పునర్ముద్రణ పొందిన తరువాత ప్రపంచ ఎలక్ట్రానిక్ సంగీత చరిత్రకారులు దానిని ఆశ్చర్యంతో పరిశీలించారు.

పందిళ్ళలోని ఆర్కెస్ట్రాలకు ఈ వాద్యాలు వరప్రసాదమయ్యాయి. పది పన్నెండుగురు వాద్యకారులు చేయవలసిన పనిని ఒక కీబోర్డు, ఒక ప్యాడ్, ఇద్దరు గాయకులు చేయగలిగారు. పండుగ చందాతో గడిపే చిన్న కమిటీకి కూడా సినిమా పాటల కచేరీ అందుబాటులోకి వచ్చింది. ఏ సంస్థ తయారు చేసినదైనా కీబోర్డును కాసియో అనే పిలవడం వాడుకయింది. మరొక వైపు బ్యాండు మేళంలో క్లారినెట్టు, ట్రంపెట్టు ఊదేవారికి పిలుపులు తగ్గాయి. ఒకరికి ప్రవేశం కల్పించిన యంత్రమే మరొకరికి ద్వారం మూసిందన్న వాస్తవాన్ని చరిత్ర విస్మరించరాదు.

జపాన్ శ్రోత ప్రయాణం

ఈ వాద్యాలను సృష్టించిన దేశంలో వాటిని వినే పద్ధతి వేరొక దారిలో పరిణమించింది. జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే 1955లోనే టోక్యోలో ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియోను నెలకొల్పింది. మాయుజుమి తోషిరో వంటి స్వరకర్తలు అక్కడ ప్రయోగాలు చేశారు. 1970లో ఒసాకా నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శన ఈ సంగీతాన్ని ప్రజల మధ్యకు తెచ్చింది. పశ్చిమ జర్మనీ నిర్మించిన గోళాకార మందిరంలో శ్రోతల చుట్టూ, పైన, కింద ధ్వనిపేటికలు అమర్చి, స్వరకర్త స్టాక్‌హౌజెన్ తన రచనలను వినిపించాడు. ప్రదర్శన సాగిన 183 రోజులలో సామాన్య కుటుంబాలు సైతం ఆ గోళంలో కూర్చుని విన్నాయి. 1978లో హోసోనో హరుఓమి, సకమోతో ర్యూయిచి, తకహాషి యుకిహిరో కలసి ఏర్పరచిన యెల్లో మ్యాజిక్ ఆర్కెస్ట్రా ఎలక్ట్రానిక్ సంగీతాన్ని జనరంజకం చేసింది.

ఆ సంగీతం ఆరుబయటకు వచ్చినప్పుడు నగరాన్ని వీడి కొండలను ఎంచుకొన్నది. 1996లో ఫుజి పర్వత పాదంలో రెయిన్‌బో 2000 అనే బహిరంగ టెక్నో ఉత్సవం జరిగింది. 1997లో అదే పర్వత ప్రాంతంలో ఫుజి రాక్ ఉత్సవం ఆరంభమైంది. తుఫాను వచ్చి, రెండవ రోజు కార్యక్రమం రద్దయింది. 1998లో టోక్యోలో జరిగి, 1999 నుండి నీగాతా రాష్ట్రంలోని నాయెబా మంచుక్రీడా కేంద్రంలో ఆ ఉత్సవం స్థిరపడింది. శ్రోత టిక్కెట్టు కొని, షింకాన్‌సెన్ రైలులో ఎచిగో-యుజావా స్టేషనులో దిగి, బస్సెక్కి కొండకు చేరాలి. వానకోటు, గుడారం, బురదలో నడిచే బూట్లు వెంట ఉండాలి. తన చెత్తను తానే వేరుపరచి నిర్ణీత స్థలంలో వేయాలి. శబ్దం శ్రోత ఇంటికి రాదు. శ్రోతే శబ్దం ఉన్న చోటుకు వెళ్ళాలి. గొంతు సరిహద్దు గీసిన పాత కాలపు నియమాన్ని భౌగోళిక దూరం తిరిగి నెలకొల్పిందని చెప్పవచ్చును.

అయినప్పటికీ నగరంలో సంఘర్షణ తప్పలేదు. 1948లో చేసిన వినోద వ్యాపార చట్టం నృత్యశాలలకు అనుమతి తప్పనిసరి చేసి, అర్ధరాత్రి దాటిన తరువాత నృత్యాన్ని నిషేధించింది. దశాబ్దాల పాటు చూసీ చూడనట్లు సాగిన ఈ నిబంధనను 2010 తరువాత ఒసాకాలోను, ఇతర నగరాలలోను గట్టిగా అమలు చేశారు. సంగీతకారులు, శ్రోతలు సంతకాలు సేకరించి సవరణ కోరారు. 2015లో చట్టం సవరించబడి, 2016 జూన్‌లో అమలులోకి వచ్చింది. వెలుతురు 10 లక్సులకు మించి ఉన్న శాలలు అనుమతితో తెల్లవార్లూ నడపడానికి వీలు కలిగింది.

సంప్రదాయ ఉత్సవాలు కూడా ఈ సంఘర్షణకు అతీతం కావు. వేసవిలో పితృదేవతల స్మరణలో జరిగే బోన్ ఒదోరి నృత్యంలో ఊరివారు మధ్యనున్న మంచె చుట్టూ వలయంగా ఆడతారు. తైకో డోలు, లౌడుస్పీకరు పాట దానికి ఆధారం. శబ్దంపై ఫిర్యాదులు వచ్చినందున ఐచి రాష్ట్రంలోని తోకాయి పట్టణంలో 2009 నుండి నర్తకులు చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకొని, రేడియో ద్వారా పాట వింటూ నిశ్శబ్దంగా ఆడే పద్ధతి ప్రవేశపెట్టారు. దూరం నుండి చూసేవారికి పాట లేని నృత్యం కనబడుతుంది. పొరుగువారి నిద్ర దక్కింది. కాని దారిన పోయేవాడు పాట విని వలయంలో చేరే అవకాశం పోయింది. పరిష్కారానికి చెల్లించిన మూల్యం ఇది.

రైలు పట్టణపు రాత్రి

బిలాస్‌పూర్ రైల్వే కాలనీకి నాయెబా వంటి కొండ లేదు. పందిరి క్వార్టర్ల నడుమనే వేయాలి. ఊరేగింపు ఆ వీధుల గుండానే సాగాలి. అందువలన ధ్వని ధర్మాన్ని కొంత తెలుసుకొనవలసి ఉన్నది. అడ్డు లేని ఆరుబయట, ధ్వనిపేటిక నుండి దూరం రెట్టింపైనప్పుడల్లా తీవ్రత సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. పేటికకు ఒక మీటరు దూరంలో 100 డెసిబెల్స్ ఉన్న ధ్వని 55కు దిగడానికి దాదాపు 180 మీటర్లు, 45కు దిగడానికి దాదాపు 560 మీటర్లు కావాలి. డీజే వాహనాలపై అమర్చే పేటికల సముదాయం దీనికంటె ఎంతో శక్తిమంతమైనది. పైగా తక్కువ స్థాయి స్వరాలు గోడలను, మూసిన కిటికీలను సులభంగా దాటుతాయి.

ఈ పట్టణంలో ఆ గోడల వెనుక ఎవరున్నారన్నది అసలు ప్రశ్న. కోర్బా ప్రాంతపు బొగ్గును మోసే గూడ్సు రైళ్ళకు పగలు రాత్రి భేదం లేదు. ప్రయాణికుల రైలుకు సమయపట్టిక ఉన్నది. గూడ్సు రైలు సిద్ధమైనప్పుడే బయలుదేరుతుంది. పూర్వం కాల్‌బాయ్ అనే చిన్న ఉద్యోగి కాల్‌బుక్ చేతబట్టి, అర్ధరాత్రి క్వార్టరు తలుపు తట్టి, డ్రైవరును, ఫైర్‌మన్‌ను నిద్ర లేపి సంతకం తీసుకొనేవాడు. నేడు ఆ పిలుపు టెలిఫోను ద్వారా వస్తున్నది. డ్రైవరు లోకో పైలట్ అయ్యాడు. 2022లో గార్డు పదవికి ట్రైన్ మేనేజరు అనే పేరు వచ్చింది. కాని మనిషి శరీరం మారలేదు. ఎనిమిది గంటలు లేదా అంతకు మించి పని చేసి వచ్చిన రన్నింగ్ సిబ్బందికి స్వస్థానంలో 16 గంటల విశ్రాంతి ఇవ్వాలని రైల్వే నిబంధన ఉన్నది. ఆ విశ్రాంతి కాగితం మీదనే మిగిలి, కన్ను మూతపడకపోతే, మరునాడు ఎర్ర సిగ్నలును చూడవలసిన కన్ను అదే.

ధ్వని నియంత్రణకు చట్టాలు లేకపోలేదు. అవిభక్త మధ్యప్రదేశ్‌లో 1985లో కోలాహల నియంత్రణ చట్టం వచ్చింది. ఛత్తీస్‌గఢ్‌కు అది వారసత్వంగా సంక్రమించింది. కేంద్ర ప్రభుత్వం 2000లో చేసిన ధ్వని కాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి విధించి, రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు బహిరంగ స్థలాలలో లౌడుస్పీకర్లను నిషేధించాయి. పండుగల నిమిత్తం సంవత్సరంలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్రాలకు ఉన్నది. 2005 జూలైలో సుప్రీం కోర్టు ఈ నియమాలను బలపరుస్తూ, ఇష్టం లేనివానిచేత బలవంతంగా వినిపించే హక్కు ఎవరికీ లేదని స్పష్టం చేసింది. బిలాస్‌పూర్‌లోని ఉన్నత న్యాయస్థానం 2016లో వాహనాలపై ధ్వనిపేటికలు అమర్చి మోగించడాన్ని అరికట్టాలని ఆదేశించింది. తరువాతి సంవత్సరాలలో కూడా డీజేల విషయమై రాష్ట్ర ప్రభుత్వం నుండి సంజాయిషీలు కోరింది. న్యాయస్థానం ఉన్న నగరంలోనే ఈ సమస్య ఇంతకాలం కొనసాగడం గమనార్హం.

ఇక్కడ ఒక సూక్ష్మ విషయం ఉన్నది. చట్టానికి రాత్రి అంటే పది గంటల నుండి ఆరు గంటల వరకు. రైలు పట్టణంలో ఆ లెక్క చాలదు. రాత్రి డ్యూటీ దిగి ఉదయం ఎనిమిదికి ఇంటికి చేరిన వ్యక్తికి మధ్యాహ్నమే అర్ధరాత్రి. పట్టపగలు సాగే ఊరేగింపు చట్టాన్ని ఏమాత్రం ఉల్లంఘించకుండానే అతని నిద్రను హరించవచ్చును. ఆ వ్యక్తి సాయంకాలం లేచి అదే పందిరి కింద ప్రసాదం పంచవచ్చును. అదే కమిటీకి చందా ఇచ్చి ఉండవచ్చును. శ్రోత, బాధితుడు ఇక్కడ ఇద్దరు వ్యక్తులు కారు. డ్యూటీ చార్టు మారినప్పుడు ఒకే మనిషి ఒక వారం శ్రోత, మరొక వారం బాధితుడు.

ఉత్సవాన్ని కాపాడుకొనడం

ఈ కారణంగానే నిషేధమొక్కటే పరిష్కారమని భావించడం పొరపాటు. వలస వచ్చిన సమాజానికి బహిరంగ ఉత్సవం విలాసం కాదు. బదిలీలతో, షిఫ్టులతో చెదిరిన కుటుంబాలు ఒకే చోట కూడేది పందిరి కిందనే. అక్కడి బడిలో హిందీ లేక ఆంగ్లం చదివే పిల్లలకు తెలుగు పాట ఇంటి బయట వినబడే సందర్భాలు సంవత్సరానికి కొన్నే. సోలాపురి మాత పూజకు బారాఖోలీ పరిసరాలలో చేరే జనంలో తెలుగువారే కాక ఇతర భాషలవారు కూడా కనబడతారు. తలుపులు మూసిన మందిరంలో టిక్కెట్టు పెట్టి జరిపే సభకు ఈ గుణం రాదు. తోకాయి పట్టణపు నిశ్శబ్ద నృత్యం నేర్పే పాఠం కూడా ఇదే. ఇయర్‌ఫోను ఎవరినీ బాధించదు. ఎవరినీ పిలవదు కూడా.

అదే సమయంలో ధ్వని ఎంత పెరిగితే భక్తి, ఆనందం అంత పెరుగుతాయన్న భావన ఈ సంప్రదాయానికి చెందినది కాదు. హరికథకుడు వెనుక వరుసను చూసి గొంతు పెంచేవాడు గాని, పక్క వీధిని ఉద్దేశించి కాదు. ఒకే పెద్ద పేటికకు బదులు చిన్న పేటికలను పందిరి లోపలికి తిప్పి, శ్రోతల దగ్గరగా అక్కడక్కడ అమర్చితే, తక్కువ ధ్వనితోనే అందరికీ స్పష్టంగా వినబడుతుంది. ఊరేగింపు మార్గాన్ని నిర్ణయించేటప్పుడు రన్నింగ్ సిబ్బంది క్వార్టర్లు ఉన్న వరుసలను తప్పించడం, ఆసుపత్రి పరిసరాలలో వాద్యాలు నిలిపివేయడం, క్రూ కార్యాలయాన్ని, కాలనీ పెద్దలను సంప్రదించి వేళలు నిర్ణయించడం కష్టసాధ్యమైనవి కావు. వీటికి కొత్త చట్టం అక్కరలేదు. పందిరి వేసేవారు, పందిరి పక్క నివసించేవారు ఒకే వీధివారన్న స్పృహ చాలు.

వాద్యం ఎక్కడి నుండి వచ్చిందన్నది ఇందులో ప్రధానం కాదు. నాగోయాలో పుట్టిన బెంజో, ఒసాకాలో పుట్టిన ఆక్టాప్యాడ్ నేడు ఛత్తీస్‌గఢ్ పండుగకు ఎంత స్వంతమో, విజయనగరం నుండి వచ్చిన కుటుంబం బిలాస్‌పూర్‌కు అంత స్వంతం. పరాయి వస్తువును తనదిగా చేసుకొనే శక్తి ఈ రైలు పట్టణానికి పుట్టుకతో వచ్చినది. అయితే వాద్యాన్ని స్వంతం చేసుకొన్నంత మాత్రాన సరిపోదు. దానిని ఎప్పుడు ఆపాలన్న మర్యాదను కూడా అలవరచుకొనవలసి ఉన్నది. ఆ మర్యాదను ఎక్కడి నుండో దిగుమతి చేసుకొనవలసిన పని లేదు. చేయి ఎత్తి దోహా చదివే రౌత్ నర్తకుని ముందు గడ్వా బాజా ప్రతి సంవత్సరం అదే బోధిస్తున్నది. ఆ కొద్ది క్షణాల నిశ్శబ్దంలో మాట ఎలా వినబడుతున్నదో, పందిరి పక్క క్వార్టరులో పడుకొన్న డ్రైవరుకు కూడా కొన్ని గంటల నిశ్శబ్దం అలాగే దక్కితే, ఉత్సవం నిలుస్తుంది; రైలు క్షేమంగా నడుస్తుంది.